తెల్లబడిపోయిన చోట ఏమీ మిగలదు: ఫొటోలో వెలుగు వివరాలను కాపాడే పద్ధతుల పోలిక

ముదురు నీటి మీదుగా ఎగిరే తెల్లకొంగను ఫొటో తీసి, తరువాత పెద్ద తెర మీద చూసుకున్నప్పుడు రెక్కల్లో ఒక్క ఈక గీతయినా కనబడకపోతే, ఆ ఫొటోను బాగుచేసే దారి దాదాపు లేనట్టే. నీడ పడిన ఆకులను తరువాత వెలిగించుకోవచ్చు, రంగు తేడా వస్తే సరిదిద్దుకోవచ్చు, అనవసరమైన అంచును కత్తిరించుకోవచ్చు. కానీ పూర్తిగా తెల్లబడిపోయిన చోట వెలికి తీయడానికి ఏమీ మిగిలి ఉండదు. మొదటి రోజుల్లో నేను తీసిన కొంగల ఫొటోలు చాలావరకు ఇలాగే పోయాయి. ఫోకస్ కుదిరింది, రెక్కలు విప్పిన క్షణం దొరికింది, తెలుపు మాత్రం కాలిపోయింది. ఆ ఫొటోలను ఇప్పటికీ తీసెయ్యలేదు, ఎందుకంటే ఏ అమరిక వల్ల ఏం పోయిందో వాటినే చూసి నేర్చుకున్నాను.

వెలుగు వివరాలను కాపాడటానికి ఇవాళ పద్ధతులు చాలానే ఉన్నాయి. సెన్సర్ నమోదు చేసిన డేటాను అలాగే దాచే రా ఫైలుగా తీయవచ్చు, ఎక్స్‌పోజర్ (ఫొటో కోసం తీసుకునే కాంతి) తగ్గించవచ్చు, వెలుగునూ నీడనూ ఒకే ఫొటోలో నిలపడానికి కెమెరాలో ఉండే డైనమిక్ రేంజ్ అమరికలు వాడవచ్చు, అనేక ఫ్రేములు కలపవచ్చు, ఫిల్టరో ఫ్లాషో ఉపయోగించవచ్చు, చివరికి సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడవచ్చు. వీటిలో ఏది మంచిదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు గానీ, ఏ దృశ్యానికి ఏది సరిపోతుందో మాత్రం చాలావరకు కచ్చితంగా చెప్పవచ్చు. అందుకు మూడు విషయాలు తేల్చుకోవాలి: ఏ వెలుగు మనకు ముఖ్యం, ఎదుట ఉన్నది కదులుతోందా, నీడల్లో ఎంత నాయిస్‌ను (ఇసుక చల్లినట్టు కనబడే గరుకుదనాన్ని) మనం ఒప్పుకోగలం.

వెలుగు పోయే తీరు, నీడ పోయే తీరు

సెన్సర్‌లోని ప్రతి పిక్సెల్ తన మీద పడిన కాంతిని విద్యుదావేశంగా మార్చి నిలవ చేసుకుంటుంది. కాంతి రెట్టింపైతే ఆవేశమూ రెట్టింపవుతుంది. ఈ సంబంధం పిక్సెల్ నిండే వరకు కొనసాగి, నిండిన క్షణంలో తెగిపోతుంది. ఆ తరువాత ఎంత కాంతి పడినా నమోదయ్యే అంకె మారదు. పక్కపక్కనున్న రెండు ఈకల ప్రకాశంలో తేడా ఉన్నా రెండూ ఒకే అంకెగా మిగులుతాయి, అంకెల్లో తేడా లేని చోట వివరమూ ఉండదు. నెగటివ్ ఫిల్మ్‌లో ఇలా ఉండేది కాదు. కాంతి బాగా పెరిగేకొద్దీ దాని స్పందన మెల్లగా మందగిస్తుంది కాబట్టి మేఘాల అంచులు ఒక్కసారిగా తెగిపోకుండా నెమ్మదిగా తెలుపులో కలిసిపోతాయి. అందుకే నెగటివ్ ఫిల్మ్ వాడినవారు నీడలను చూసి ఎక్స్‌పోజర్ పెట్టేవారు, స్లైడ్ ఫిల్మ్ వాడినవారు వెలుగును చూసి పెట్టేవారు. డిజిటల్ కెమెరా ఈ విషయంలో స్లైడ్ ఫిల్మ్‌కే దగ్గర.

నీడలు ఇలా ఒక్కసారిగా పోవు. కాంతి తగ్గేకొద్దీ నాయిస్ వాటా పెరుగుతుంది. కాంతి సగమైతే, అంటే ఒక స్టాప్ తగ్గితే, కాంతి సంకేతానికీ దానిలోని సహజమైన హెచ్చుతగ్గులకూ ఉండే నిష్పత్తి సుమారు 1.4 రెట్లు పడిపోతుంది. నష్టం ఉంది, కానీ అది మెట్టుమెట్టుగా వస్తుంది, నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ దానిలో కొంత పూడ్చగలదు. ఒక వైపు నష్టం క్రమంగానూ, మరో వైపు ఒక్కసారిగానూ వస్తుంది కాబట్టే, సందేహం ఉన్నప్పుడు నేను వెలుగు వైపు జాగ్రత్త పడతాను.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. కెమెరాలో 12 బిట్లకు బదులు 14 బిట్ల రా ఎంచుకుంటే హైలైట్లు, అంటే బాగా వెలుగున్న భాగాలు, ఎక్కువ నిలుస్తాయని చాలామంది అనుకుంటారు. 12 బిట్లలో 4096 మెట్లు, 14 బిట్లలో 16384 మెట్లు ఉంటాయన్నది నిజమే, కానీ రెంటిలోనూ పైమెట్టు ఒకటే: పిక్సెల్ నిండిపోయిన చోటు. అదనపు మెట్ల వల్ల ఏమైనా లాభం ఉంటే అది నీడల్లోనే ఉంటుంది.

అన్ని వెలుగులనూ కాపాడనక్కరలేదు. సూర్యబింబం, దీపపు ఒత్తి, క్రోమ్ లోహం మీద మెరిసే చుక్క, నీటి మీద తళుక్కుమనే మెరుపు తెల్లబడినా ఎవరూ లోపంగా భావించరు. నిజానికి అవి బూడిద రంగులోకి దిగితేనే ఫొటో నిర్జీవంగా కనబడుతుంది. చర్మం, బట్ట నేత, మేఘాలు, మంచు, ఈకలు, పూల రేకులు మాత్రం వివరం కోల్పోతే కన్ను వెంటనే పట్టేస్తుంది. కెమెరాకు ఈ తేడా తెలియదు. ఎక్స్‌పోజర్ తగ్గించే ముందు కాపాడవలసిన తెలుపు ఏదో మనమే తేల్చుకోకపోతే, ఒక దీపాన్ని కాపాడబోయి మొత్తం గదిని చీకటి చేసుకుంటాం.

రా ఫైలా, జేపెగ్గా

ఈ పోలికలో తీర్పు తేలికే గానీ కారణాలు తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే రా తీసేవారిని కూడా జేపెగ్ తప్పుదారి పట్టించగలదు.

జేపెగ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే ఒక్కో రంగు చానల్‌కు 256 మెట్లు మాత్రమే ఉంటాయి. అంతకంటే ముఖ్యమైనది, ఆ మెట్లలోకి దించే ముందు కెమెరా వైట్ బ్యాలెన్స్, కాంట్రాస్ట్, రంగుల గాఢత అన్నిటినీ వర్తింపజేసి, సెన్సర్ దగ్గర ఇంకా నిండని విలువలను కూడా పైమెట్టయిన 255కి నెట్టేస్తుంది. పగటి వెలుగులో చాలా సెన్సర్లలో ఆకుపచ్చ చానల్ ముందుగా నిండుతుంది. తెలుపు తెల్లగా కనబడటానికి ఎరుపు, నీలం చానళ్లను సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల వరకు పెంచవలసి వస్తుంది. ఎర్రటి పువ్వును తీసినప్పుడు సెన్సర్‌లో ఎరుపు చానల్‌కు ఇంకా చోటు ఉండవచ్చు, కానీ ఈ పెంపు తరువాత జేపెగ్‌లో అది అంచు దాటి రేకులన్నీ ఒకే ఎర్రటి ముద్దగా మారతాయి. అదే క్షణంలో తీసిన రా ఫైలును తెరిస్తే రేకుల మడతలు చాలాసార్లు పదిలంగా కనబడతాయి. కెమెరాను బట్టీ రంగుల ప్రొఫైలును బట్టీ మారినా, జేపెగ్ కంటే రా ఫైలులో అర స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా అదనపు చోటు దొరకడం మామూలే.

ఇందులోనే చిక్కు ఉంది. కెమెరా వెనుక తెర మీద కనబడే హిస్టోగ్రామ్ (ఎడమ నీడల నుంచి కుడి వెలుగుల దాకా ఏ ప్రకాశం ఎంత ఉందో చూపే గ్రాఫ్), తెల్లబడిన చోట మిణుకుమిణుకుమనే హెచ్చరికలు, జీబ్రా గీతలు రా తీస్తున్నప్పుడు కూడా సాధారణంగా జేపెగ్ రూపం నుంచే తయారవుతాయి. కాంట్రాస్ట్ ఎక్కువగా ఉండే రంగుల శైలిని పెట్టుకున్నవారికి అవి అవసరం కంటే ముందే హెచ్చరిస్తాయి. రా తీసేవారు కెమెరాలో న్యూట్రల్ లేదా ఫ్లాట్ శైలిని ఎంచుకుంటే ఈ అంచనా వాస్తవానికి చాలా దగ్గరవుతుంది. రా డేటాకు దీనివల్ల ఏ మార్పూ ఉండదు. మరింత కచ్చితత్వం కోసం కొందరు యూనీ డబ్ల్యూబీ అనే ప్రత్యేక వైట్ బ్యాలెన్స్‌ను తయారుచేసుకుని, చానళ్ల పెంపును ఇంచుమించు ఒకటికి తెచ్చి, హిస్టోగ్రామ్‌ను రా డేటాకు దగ్గర చేస్తారు. అప్పుడు తెర మీద బొమ్మంతా పచ్చగా కనబడుతుంది. నేను కొంతకాలం వాడి మానేశాను, ఎందుకంటే చర్మం రంగు, సాయంకాలపు కాంతి ఎలా ఉన్నాయో తెర మీద చూసి నిర్ణయించుకునే వీలు పోతుంది, న్యూట్రల్ శైలితోనే చాలావరకు పని జరుగుతుంది.

హిస్టోగ్రామ్‌లోనూ ఎంపిక ఉంది. ఒకే గీతగా కనబడే ప్రకాశ హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చ చానల్‌కు సుమారు 72 శాతం, ఎరుపుకు 21 శాతం, నీలానికి 7 శాతం మాత్రమే లెక్కలోకి వచ్చే పద్ధతి మామూలుగా వాడుకలో ఉంది. అందువల్ల నీలం చానల్ పూర్తిగా నిండిపోయినా ఆ గీత ప్రశాంతంగానే ఉంటుంది. మూడు చానళ్లను విడివిడిగా చూపే ఆర్జీబీ హిస్టోగ్రామ్ కెమెరాలో ఉంటే దాన్నే పెట్టుకోవాలి. ఈ విషయంలో రెండో ఆలోచన అవసరం లేదు.

జేపెగ్‌తోనే పని ముగించవలసిన వారు ఉంటారు. వందల ఫొటోలను అక్కడికక్కడే అందించవలసిన పని అయితే రా మార్చుకుంటూ కూర్చోవడం కుదరదు. వారు కాంట్రాస్ట్‌ను తగ్గించుకుని, రంగుల గాఢతను ఒక మెట్టు దించి, ఎక్స్‌పోజర్‌లో రా తీసేవారికంటే అర స్టాప్ ఎక్కువ జాగ్రత్త పాటిస్తే చాలావరకు క్షేమం. కొన్ని కెమెరాలు జేపెగ్‌కు బదులుగా ఇచ్చే 10 బిట్ల హీఫ్ ఫైళ్లలో మెట్లు పెరిగి ఆకాశంలో రంగుల పట్టీలు తగ్గుతాయి, కానీ నిండిపోయిన తెలుపు అందులోనూ నిండిపోయిన తెలుపే.

ఎక్స్‌పోజర్‌ను ఎవరు నిర్ణయించాలి

మొత్తం ఫ్రేమును చూసి లెక్క వేసే మ్యాట్రిక్స్ మీటరింగ్ సాధారణ దృశ్యాల్లో బాగా పనిచేస్తుంది. ముదురు నీటి ముందు చిన్న తెల్లకొంగ ఉన్నప్పుడు మాత్రం అది నీటినే ఎక్కువగా చూసి, దాన్ని మధ్యస్థ ప్రకాశానికి తేవడానికి ప్రయత్నించి, కొంగను కాల్చేస్తుంది. దీన్ని ఎదుర్కోవడానికి మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, మ్యాట్రిక్స్‌నే ఉంచి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక స్టాప్ లేదా అంతకంటే ఎక్కువ తగ్గించడం. వేగంగా చేయవచ్చు, కానీ కొంగ నీటి మీద నుంచి ప్రకాశవంతమైన ఆకాశం ముందుకు వెళ్లిన వెంటనే ఆ సవరణ తప్పవుతుంది. రెండోది, హైలైట్‌కు ప్రాధాన్యమిచ్చే మీటరింగ్. నికాన్ దీన్ని 2014లో డీ810తో పరిచయం చేసింది, తరువాత సోనీ వంటి ఇతర కంపెనీల కెమెరాల్లోనూ ఇలాంటిది వచ్చింది. ఇది ఫ్రేములో అత్యంత ప్రకాశవంతమైన భాగాన్ని చూసి ఎక్స్‌పోజర్ పెడుతుంది కాబట్టి రంగస్థలం మీద దీపాల వెలుగులో నిలిచిన వ్యక్తికీ, చీకటి నేపథ్యం ముందున్న తెల్లపక్షికీ చక్కగా సరిపోతుంది. ఫ్రేములో సూర్యుడో దీపమో నేరుగా ఉంటే మాత్రం దాన్నే కాపాడబోయి మిగిలినదంతా రెండు మూడు స్టాప్‌లు చీకటి చేయగలదు.

మూడోది నాకు ఎక్కువ నమ్మకం ఉన్న పద్ధతి. ఫ్రేములో ఒక చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టుకుని, కాపాడవలసిన భాగాల్లో అత్యంత ప్రకాశవంతమైన చోటును కొలిచి, దాన్ని మీటరు మధ్యస్థానానికి రెండు స్టాప్‌లు పైన ఉంచి, మాన్యువల్‌లో ఆ ఎక్స్‌పోజర్‌ను స్థిరపరచాలి. మధ్యస్థ బూడిద రంగు కాంతిలో 18 శాతాన్ని తిప్పి పంపుతుందని తీసుకుంటే, నూరు శాతం తిప్పి పంపే తెలుపు దానికి సుమారు రెండున్నర స్టాప్‌ల పైన ఉంటుంది. చాలా కెమెరాల్లో రా డేటా సుమారు మూడు స్టాప్‌ల దగ్గర నిండుతుంది కాబట్టి రెండు దగ్గర ఉంచినది నిశ్చింతగా నిలుస్తుంది. వెలుగు మారనంత వరకు కొంగ నీటి ముందున్నా, ఆకాశం ముందున్నా, చెట్ల ముందున్నా దాని మీద పడే కాంతి అదే కాబట్టి ఎక్స్‌పోజర్ మార్చనక్కరలేదు. మబ్బులు వస్తూపోతూ ఉంటే మాత్రం ఈ పద్ధతి అలసట కలిగిస్తుంది, అప్పుడు హైలైట్ మీటరింగే మేలు.

మీ కెమెరాలో ఆ అంచు ఎక్కడుందో అరగంటలో తెలుసుకోవచ్చు, ఈ పరీక్షను ప్రతివారూ ఒకసారి చేయాలని నా గట్టి అభిప్రాయం. నేత స్పష్టంగా కనబడే తెల్లటి తువ్వాలును సమానమైన వెలుగులో వేలాడదీసి, స్పాట్ మీటరుతో కొలిచి, ఒక స్టాప్ పైనుంచి నాలుగు స్టాప్‌ల పైదాకా మూడో వంతు స్టాప్ చొప్పున పెంచుకుంటూ రా ఫ్రేములు తీయండి. సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎక్స్‌పోజర్‌ను వెనక్కి దించితే, ఏ ఫ్రేము దగ్గర నేత చెదిరిందో, ఎక్కడ పూర్తిగా మాయమైందో కంటికే కనబడుతుంది. ఆ అంకె ఒకసారి తెలిస్తే హెచ్చరికలు ఎప్పుడు నిజం చెబుతున్నాయో, ఎప్పుడు అతిగా భయపెడుతున్నాయో అర్థమవుతుంది.

హిస్టోగ్రామ్‌ను వీలైనంత కుడికి జరిపి తీయాలన్న సలహా 2003 నుంచి విస్తృతంగా ప్రచారంలో ఉంది. పై స్టాప్‌లోనే సగం మెట్లు ఉంటాయి కాబట్టి వాటిని వృథా చేయకూడదని అప్పట్లో వాదించారు. అసలు లాభం మెట్లలో కాక, ఎక్కువ కాంతి సేకరించడం వల్ల తగ్గే నాయిస్‌లో ఉంది. బండరాళ్లు, భవనాలు, బల్ల మీది వస్తువుల వంటి కదలని దృశ్యంలో, బేస్ ఐఎస్ఓ (సంకేతాన్ని పెంచే అమరికలో కెమెరా అసలు మొదటి మెట్టు) దగ్గర, తీరికగా సరిచూసుకునే అవకాశం ఉంటే ఈ పద్ధతి మంచి ఫలితమిస్తుంది. కదిలే దృశ్యంలో, మారే వెలుగులో నేను దాన్ని సిఫారసు చేయను. అంచు మీద నడుస్తూ పావు స్టాప్ నాయిస్‌ను ఆదా చేయబోయి, తిరిగిరాని ఒక క్షణంలోని తెలుపును పోగొట్టుకోవడం లాభసాటి బేరం కాదు.

ఐఎస్ఓ గురించి తక్కువగా చెప్పుకుంటారు గానీ, వెలుగును కాపాడటంలో దానికి పెద్ద పాత్ర ఉంది. షట్టర్ వేగం, అపర్చర్ (లెన్స్ రంధ్రం పరిమాణం) మారకుండా ఐఎస్ఓను ఒక స్టాప్ పెంచితే సెన్సర్ మీద పడే కాంతి పెరగదు, సంకేతం మాత్రం రెట్టింపై, పైన ఉన్న చోటు ఒక స్టాప్ తగ్గుతుంది. సెన్సర్‌ను చదివేటప్పుడు చేరే రీడ్ నాయిస్ తక్కువగా ఉండే నేటి సెన్సర్లలో 1600 దగ్గర తీసిన ఫ్రేముకూ, అదే షట్టర్, అపర్చర్‌తో 400 దగ్గర తీసి తరువాత రెండు స్టాప్‌లు పెంచిన ఫ్రేముకూ నీడల్లో పెద్ద తేడా కనబడదు. రెండో దానిలో మాత్రం వీధి దీపాలకూ వెలిగే బోర్డులకూ రెండు స్టాప్‌ల అదనపు చోటు మిగులుతుంది. పాత కెమెరాల్లో ఇలా పెంచితే నీడల్లో గీతలు, మచ్చలు తేలవచ్చు కాబట్టి ముందు సొంత కెమెరాతో సరిచూసుకోవాలి. తెర చీకటిగా కనబడటం కూడా ఇబ్బందే. ఈ రెండూ అడ్డు కాని వారికి రాత్రి వీధుల్లో ఇంతకంటే సులువైన రక్షణ లేదు.

కెమెరాలోని డైనమిక్ రేంజ్ అమరికలు

ఈ అమరికలకు వేర్వేరు పేర్లున్నా చాలావాటి లోపలి పని ఒకటే: కాంతిని తక్కువగా తీసుకుని, తరువాత నీడలనూ మధ్య ప్రకాశాన్నీ పైకి లేపడం. కానన్ 2007లో ఈఓఎస్-1డీ మార్క్ 3తో తెచ్చిన హైలైట్ టోన్ ప్రయారిటీని పెట్టుకుంటే కనీస ఐఎస్ఓ 200 అవుతుంది, ఎందుకంటే కెమెరా లోపల ఒక స్టాప్ తక్కువగా నమోదు చేసి దాన్నే 200గా చూపుతుంది. ఫ్యూజీఫిల్మ్‌లో బేస్ ఐఎస్ఓ 160 ఉన్న కెమెరాల్లో డీఆర్200కు కనీసం 320, డీఆర్400కు కనీసం 640 కావడానికీ ఇదే కారణం. మొదటిది ఒక స్టాప్, రెండోది రెండు స్టాప్‌ల చోటు మిగులుస్తుంది. సోనీ డీఆర్ఓ మాత్రం ప్రధానంగా జేపెగ్‌లో నీడలను లేపే పనే చేస్తుంది. రా డేటాను అది తాకదు కాబట్టి ఎక్స్‌పోజర్‌ను మనమే తగ్గించకపోతే మేఘాలకు దానివల్ల మేలు జరగదు.

జేపెగ్ తీసేవారికి ఇవి నిజంగా విలువైనవి, ముఖ్యంగా ఫ్యూజీఫిల్మ్ పద్ధతి, ఎందుకంటే ఎంత చోటు మిగులుతుందో పేరులోనే తెలిసిపోతుంది. రా తీసేవారు వీటిని ఆపేసి, ఎక్స్‌పోజర్‌ను తామే తగ్గించుకోవడం మంచిది. ఆన్‌లో ఉంచితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో రా ఫైలు అనుకున్నదానికంటే చీకటిగా తెరుచుకుంటుంది, హిస్టోగ్రామ్ చెప్పేది మరింత గందరగోళమవుతుంది. ఫ్యూజీఫిల్మ్ 2004లో తెచ్చిన ఎస్3 ప్రోలో ప్రతి పిక్సెల్ చోటునా ఒక పెద్ద, ఒక చిన్న ఫొటోడయోడ్‌ను పెట్టి, పెద్దది నిండిపోయినా చిన్నది వెలుగును చదివేలా చేసింది. సెన్సర్‌నే మార్చిన ఆ ప్రయత్నం మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. నేటి అమరికల్లో చాలావరకు ఎక్స్‌పోజర్ సర్దుబాటు మాత్రమే.

ఒక ఫ్రేము చాలనప్పుడు

గది లోపలి నుంచి కిటికీ బయటి దృశ్యం కూడా కనబడేలా తీయాలంటే ఒక ఫ్రేము సరిపోకపోవచ్చు. వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన ఫొటోల నుంచి అసలు కాంతి విలువలను తిరిగి లెక్కగట్టే పద్ధతిని 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ ప్రచురించారు. నేడు హెచ్‌డీఆర్ అని పిలిచే దానికి ఆధారాల్లో అది ప్రధానమైనది. అలా లెక్కగట్టిన విస్తారమైన విలువలను మామూలు తెరలోకి దించే టోన్ మ్యాపింగ్ దశలోనే అంచుల చుట్టూ కాంతి వలయాలు, అసహజమైన రంగులు పుడతాయి. 2007లో టామ్ మెర్టెన్స్, జాన్ కౌట్జ్, ఫ్రాంక్ వాన్ రీత్ ప్రతిపాదించిన ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ ఆ మధ్య దశను దాటవేసి, ప్రతి ఫ్రేములోంచి బాగా పడిన భాగాలను నేరుగా మిళితం చేస్తుంది. సహజంగా కనబడాలనుకునేవారు సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఉంటే ముందు ఫ్యూజన్‌ను ప్రయత్నించాలి.

ఇలా వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరుసగా తీసే బ్రాకెటింగ్‌కు ట్రైపాడ్ ఉండాలి, ఎదుట ఉన్నది కదలకూడదు. రా తీస్తుంటే రెండు స్టాప్‌ల ఎడంతో మూడు ఫ్రేములు మామూలుగా చాలు. మూడో వంతు స్టాప్ చొప్పున తొమ్మిది తీసినందువల్ల కలిగే ప్రయోజనం స్వల్పం. అన్నిటికంటే చీకటి ఫ్రేములో ముఖ్యమైన తెలుపు నిలిచిందో లేదో అక్కడే సరిచూసుకోవాలి, అది లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా వృథా. గాలికి ఊగే ఆకులు, అలలు, నడిచే మనుషులు ఉంటే కలిపిన ఫొటోలో నీడల్లాంటి జంట రూపాలు మిగులుతాయి.

కదలిక ఉన్న చోట దీనికి మంచి ప్రత్యామ్నాయం, హైలైట్లు కాలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి, అదే ఎక్స్‌పోజర్‌తో అనేక ఫ్రేములను వెంటవెంటనే తీసి కలపడం. 2013లో నెక్సస్ 5 ఫోనులో వచ్చిన గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్ ఈ ఆలోచన మీదే నిలిచింది. నాలుగు ఫ్రేములను సగటు చేస్తే నాయిస్ సగమవుతుంది. అన్ని ఫ్రేముల్లోనూ తెలుపు క్షేమంగా ఉంది కాబట్టి కదిలిన భాగానికి ఒకే ఫ్రేమును వాడుకున్నా నష్టం తక్కువ. ఫోనుతో తీసేవారికి ఈ పని తెలియకుండానే జరిగిపోతోంది. వారు చేయవలసిందల్లా తెర మీద వెలుగు భాగాన్ని తాకి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి జరపడం. మామూలు కెమెరాతో చేతిలో పట్టుకుని ఎనిమిది ఫ్రేముల బరస్ట్ తీసి, తరువాత కంప్యూటర్‌లో వరుసలో పెట్టి సగటు చేయడం కూడా నేను చూసినంతలో చక్కగా పనిచేస్తుంది, కాకపోతే ఓపిక కావాలి.

ఎదుటి కాంతినే మార్చడం

సగం ముదురుగా, సగం పారదర్శకంగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్లు 0.3, 0.6, 0.9 అనే అంకెలతో వస్తాయి. అవి వరుసగా ఒకటి, రెండు, మూడు స్టాప్‌లు. సముద్రపు దిగంతం వంటి తిన్నని గీత ఉన్న చోట, అలల వల్ల బ్రాకెటింగ్ కుదరనప్పుడు వీటికి ఇప్పటికీ విలువ ఉంది. కొండ శిఖరమో చెట్టో ఆ గీతను దాటి పైకి లేస్తే అది కూడా చీకటవుతుంది, కాబట్టి అలాంటి చోట్ల ఒక రా ఫ్రేము లేదా బ్రాకెటింగ్ మేలు.

పోలరైజర్ ఫిల్టరుది వేరే స్థాయి, ఎందుకంటే అది చేసే పనిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా చేయలేదు. తడి ఆకుల మీద, నీటి మీద, గాజు మీద పరావర్తనమై వచ్చే మెరుపును అది అసలు సెన్సర్ దాకా రానివ్వదు. నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూసినప్పుడు దాని ప్రభావం గరిష్ఠంగా ఉంటుంది. లోహం మీది మెరుపును మాత్రం అది ఆపలేదు, ఒకటి నుంచి రెండు స్టాప్‌ల కాంతినీ తీసుకుంటుంది. ఒక్క ఫిల్టరే కొనాలనుకునేవారికి నా సలహా ఇదే.

మనిషి దగ్గరగా ఉన్నప్పుడు ఫిల్ ఫ్లాష్ లేదా రిఫ్లెక్టర్ అన్నిటికంటే శుభ్రమైన మార్గం: ఆకాశానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెట్టి, ముఖం మీద కాంతిని మనమే చేరుస్తాం. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌కు షట్టర్ వేగం సెకనులో 1/200 లేదా 1/250 దాకానే అనుమతి ఉంటుంది. అంతకుమించితే హైస్పీడ్ సింక్ కావాలి, దానివల్ల ఫ్లాష్ బలం బాగా తగ్గుతుంది.

పోయిన తరువాత సాఫ్ట్‌వేర్

హైలైట్స్ స్లైడర్‌ను కిందికి లాగినప్పుడు వివరాలు తిరిగి వస్తే, అవి అప్పటికే ఫైలులో ఉన్నాయని అర్థం. ఒకటి రెండు చానళ్లు నిండిపోయి మూడోది మిగిలి ఉంటే, దాని ఆధారంగా మిగతావాటిని ఊహించే పునర్నిర్మాణం డార్క్‌టేబుల్, రాథెరపీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. ఆ ఊహ తెల్లటి మేఘంలో బాగానే కుదురుతుంది, చర్మం మీదా సూర్యాస్తమయపు అంచుల దగ్గరా తరచుగా తప్పుతుంది. ఆకుపచ్చ చానల్ ఒక్కటే నిండిపోయి, మిగతా రెంటినీ వైట్ బ్యాలెన్స్ పెంచినప్పుడు తెలుపు స్థానంలో గులాబీ మచ్చ తేలడం ఇందువల్లే. మూడు చానళ్లూ నిండిపోయిన చోట ఏ స్లైడరూ బూడిద రంగు పూత తప్ప మరేమీ ఇవ్వలేదు.

దృశ్యాన్ని బట్టి

ఎగిరే తెల్లపక్షికి నేను ఎంచుకునేది రా, మాన్యువల్, తెలుపును స్పాట్ మీటరుతో రెండు స్టాప్‌ల పైన ఉంచడం; వెలుగు మారుతుంటే హైలైట్ మీటరింగ్. మంచు, తెల్లని బట్టలకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే ఫ్రేమంతా తెలుపే అయితే మ్యాట్రిక్స్ మీటరు వాటిని బూడిదగా తేల్చేస్తుంది కాబట్టి అక్కడ ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ దాకా పెంచవలసి వస్తుంది. కిటికీ ఉన్న గదికి ట్రైపాడ్, మూడు ఫ్రేములు, ఫ్యూజన్. గదిలో మనుషులు ఉంటే బ్రాకెటింగ్ మానేసి, పైకప్పు మీదికి ఫ్లాష్ వెలిగించి లోపలి కాంతిని పెంచాలి. సూర్యాస్తమయానికి బింబాన్ని వదిలేసి, దాని చుట్టూ ఉన్న నారింజ రంగు ఆకాశంలో ఎరుపు చానల్‌ను ఆర్జీబీ హిస్టోగ్రామ్‌లో గమనిస్తూ తీసిన ఒక్క రా ఫ్రేము చాలాసార్లు సరిపోతుంది.

పూర్ణచంద్రుడు సూర్యకాంతిలో ఉన్న రాతి గోళం కాబట్టి అతనికి పగటి ఎక్స్‌పోజరే కావాలి: ఎఫ్/11 అపర్చర్, ఐఎస్ఓ 100, సెకనులో 1/100 వంతు షట్టర్ నుంచి మొదలుపెట్టవచ్చు. చీకటిపడిన తరువాత నేలా చంద్రుడూ ఒకే ఫ్రేములో వివరంగా పడటం అసాధ్యానికి దగ్గర. రెండు ఫ్రేములు కలపడం ఇష్టం లేనివారు, సూర్యుడు అస్తమిస్తున్న వేళలోనే చంద్రుడు ఉదయించే రోజున, నేల మీద ఇంకా వెలుగు ఉండగానే తీయాలి.

అన్నిటికంటే కష్టమైనది ఎల్ఈడీ దీపాల రంగస్థలం. గాఢమైన నీలి కాంతి ముఖం మీద పడినప్పుడు సెన్సర్‌లో దాదాపు నీలం చానలే పనిచేస్తుంది. అది నిండిపోతే పునర్నిర్మాణానికి ఆధారంగా నిలిచే మరో చానల్ ఉండదు, ప్రకాశ హిస్టోగ్రామ్‌లో నీలం వాటా 7 శాతమే కాబట్టి ముందస్తు హెచ్చరికా ఉండదు. బ్రాకెటింగ్ కుదరదు, ఫ్లాష్‌కు అనుమతి ఉండదు. ఇక్కడ నేను రా తీస్తూ, హైలైట్ మీటరింగ్ పెట్టుకుని, దాని మీద మరో మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించి, ఐఎస్ఓను అవసరమైనదానికంటే ఒక స్టాప్ కింద ఉంచుతాను. దీపాలు తెలుపుకో పసుపుకో మారే క్షణాల కోసం వేచి ఉంటాను, ఎందుకంటే అప్పుడు మూడు చానళ్లలో కనీసం రెండు కాంతిని పంచుకుంటాయి, ముఖంలోని మలుపులన్నీ ఫైలులోకి చేరతాయి.